బంగారాన్ని నీలం చేసిన నీళ్ళు

మా కర్నూలు వైపు ఎవరింటికి పోయినా కూర్చోకముందే చేతికి నీళ్ళ చెంబు వస్తుంది. తాగి "బాగుండాయి" అనడం మర్యాద. నాలుకకు ఉప్పగా సవుడు తగిలినా, అడుగున సున్నం తేలినా ఆ మాటే అనాలి. మా కాలేజీ భాయ్ మాత్రం జన్మలో ఆ మర్యాద పాటించలేదు. ఒకసారి ప్రిన్సిపాలు గారింట్లో నీళ్ళిస్తే ఒక గుక్క తాగి, నోట్లోనే తిప్పి, పైకప్పు వైపు చూసి, "ఇవి కొళాయి నీళ్ళు గాదు సార్, ట్యాంకరు. ఆ ట్యాంకరుకు లోపల రంగేసి నెల గాలేదు" అన్నాడు. రెండూ నిజమే. ప్రిన్సిపాలు భార్య మళ్ళీ ఆయనకు నీళ్ళివ్వలేదు.

ఆయన పోయి నలభై రోజులు దాటింది. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు వాళ్ళ ఊరికి పోయి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ మనసు తేలికగా ఉంది. చావింటికి పోయివచ్చి ఇట్లా అనొచ్చా అని సిగ్గుగా కూడా ఉంది. కానీ ఆరేళ్ళుగా గొంతులో పెట్టుకు తిరిగినదాన్ని దింపుకుని వస్తే ఎవరికైనా ఇట్లాగే ఉంటుంది. అదేమిటో చెప్పాలంటే ఆయన సంగతి చెప్పాలి.

కర్నూలులో నేను పీహెచ్‌డీ చేసిన కాలేజీలో ఫిజిక్సు ల్యాబు అటెండరు ఆయన. తెలుగు మాట్లాడే సాయిబుల ఇల్లు. అందరం భాయ్ అనే పిలిచేవాళ్ళం. సన్నటి మనిషి, ఖాకీ చొక్కా, భుజం మీద గళ్ళ తువ్వాలు. ఊరు ఆత్మకూరు రోడ్డులో. రోజూ మొదటి బస్సుకు పది లీటర్ల క్యాను మోసుకొచ్చేవాడు. అందులో వాళ్ళ బావి నీళ్ళు. కండక్టరు తన సీసా నింపుకునేవాడు, క్యానుకు టికెట్టు అడిగేవాడు కాదు. "మా తాత తవ్విన బాయి. ఏడు మట్ల లోతున జల పడింది. కర్నూలు జిల్లా అంతా తిరుగు, ఇట్లాంటి తియ్యనీళ్ళు దొరికితే నా మీసం గొరిగించుకుంటా" అనేవాడు. ఆయనకు మీసం లేదు, గడ్డం మాత్రమే ఉంది. ఆ మాట ఎవరూ గుర్తు చేసేవాళ్ళు కాదు.

ఎవరికి నీళ్ళిచ్చినా ముందు తన అరచేతిలో ఇన్ని పోసుకుని రుచి చూడాల్సిందే. ఏ బోరుదో, ఏ కొళాయిదో, ఎన్నాళ్ళ కిందట పట్టిందో చెప్పేవాడు. మొన్న వరదలో కర్నూలు మునిగినప్పుడు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, వేలు ముంచి నాలుకకు తాకించుకుని ఊసేసి, "అందరూ తుంగభద్ర తుంగభద్ర అంటాండారు గానీ, ఈ వీధిలోకొచ్చింది హంద్రీ అప్పా" అన్నాడట. ఇళ్ళు పోయి ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారట. ఆ వరద బురద గోడల మీద ఆరకముందే గుండెనొప్పితో పోయాడు.

మాది కోయిలకుంట్ల. నాయనకు బజారులో కిరాణా అంగడి. మా ఇళ్ళలో ఆడపిల్ల ఫిజిక్సు చదవడమే వింత, చదివి సీసాలు కడుక్కుంటూ కూర్చోవడం ఇంకా వింత. "వెలుతురుకు స్విచ్చు చేస్తాందంట! కరెంటే రాదు, స్విచ్చెందుకే నీకు?" అని మా అవ్వ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

అవ్వ వెటకారంగా అన్నా నేను చేస్తున్నది అదే. తిరిగి రాసుకునే సీడీలు అంగళ్ళలోకి వచ్చిన రోజులవి. ఆ సీడీల మీద పూసే లోహాల మిశ్రమానికి ఒక గుణం ఉంది. నిదానంగా వేడి చేస్తే లోపల అణువులు వరుసలు కడతాయి. ఒక్క క్షణం బాగా కరిగించి గబుక్కున చల్లారిస్తే వరుసలు చెదిరిపోయి గాజులా నిలిచిపోతుంది. ఒకే చక్కెర పాకం తొందరగా చల్లారితే గాజుబిళ్ళ అవుతుంది, నిదానంగా ఆరితే పటికబెల్లం పలుకులు కడుతుంది కదా, అట్లా. ఈ పూత మీద కంటికి కనిపించనంత సన్నని బంగారు రేణువులు పరిచామనుకోండి. కింద పూత గుణం మారినప్పుడు పైన బంగారం పట్టుకునే వెలుతురు రంగు కూడా కొంచెం జరుగుతుంది. అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు. తిప్పాక కరెంటు పోయినా ఉన్నచోటే ఉంటుంది. కర్నూలు కరెంటు సంగతి తెలిసినవాళ్ళకు ఇదెంత గొప్పో వేరే చెప్పక్కర్లేదు.

పూత పూసిన గాజు పలకలు బెంగళూరులో మా గైడు సార్ స్నేహితుడి ల్యాబు నుంచి వచ్చేవి. బంగారు రేణువులు చేయడం నా పని. కంసాలి దగ్గర కొన్న చిన్న తునకను ఆమ్లంలో కరిగించి, మరుగుతున్న డిస్టిల్డ్ వాటరులో కలిపి నిమ్మ ఉప్పుతో చేసిన మందు వేస్తే, కాసేపటికి గాజుకుప్పెలో నీళ్ళు ఎర్రగా, దానిమ్మ రసంలా మారతాయి. అది బంగారమే. మొదటిసారి చూసినప్పుడు భాయ్ నోరు తెరిచాడు.

"ఇదేం బంగారు మేడమ్మా, ఎర్రగుండాది! నిన్ను ఎవరో మోసం చేసినారు. ఆ అంగడి యాడుండాదో చెప్పు, నేను పోయి అడుగుతా."

రేణువులు సన్నమైతే రంగు మారుతుందని చెప్పాను. "పసుపు ఎంత నూరినా పసుపే గదా" అని గొణుక్కుంటూ పోయాడు.

మా సార్ మంచివారే, కానీ ఆయనకు ఒకటే ప్రశ్న. ఏ గ్రాఫు పట్టుకుపోయినా కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, "మారింది సరే. తిరిగొచ్చిందా?" అనేవారు. తిరిగి రాకపోతే స్విచ్చు కాదు, కాలిపోయిన వస్తువు అని ఆయన లెక్క.

మొదట్లో నాకు మారడమే రాలేదు. పలకను వేడి చేసి చూస్తే తేడా ఉండీ లేనట్టు ఉండేది. నెల రోజులు అట్లాగే గడిచాయి. నాకసలే కోపం ముక్కు మీద. కుప్పెలు ఠపీమని పెట్టడం, తలుపులు వేయడం, భాయ్ టీ తెస్తే వద్దనడం. ఆయన ఒక మూల నిలబడి అన్నీ చూసేవాడు. బ్యాటరీల అంగడి నుంచి నాకు డిస్టిల్డ్ వాటరు క్యాన్లు తెచ్చేది ఆయనే. ఒకరోజు ఆ నీళ్ళు అరచేతిలో పోసుకుని రుచి చూసి మొహం ముడుచుకున్నాడు.

"పేణం లేని నీళ్ళు మేడమ్మా ఇవి. సచ్చిన నీళ్ళతో పని చేస్తే బంగారైనా ఎట్ల నిలుస్తాది?"

"నీ రుచులు నాకొద్దులే భాయ్, ఆడ పెట్టి పో" అన్నాను.

ఆ తర్వాత వారానికే నా పంట పండింది. పలకను వేడి చేస్తే ఎరుపు కాస్తా ఊదా, ఊదా కాస్తా నీలం! పరికరం అక్కర్లేదు, కంటికే తెలుస్తోంది. పుస్తకాల్లో చదివిన మార్పు కంటే ఎన్నో రెట్లు పెద్దది. మళ్ళీ చేశాను, మళ్ళీ వచ్చింది. రెండు నెలల పాటు వస్తూనే ఉంది. సార్ కూడా మెత్తబడ్డారు. "వెనక్కి తిప్పి చూపించే లేజరు మన దగ్గర లేదు, బెంగళూరులో సెమినారుకు పోయినప్పుడు అక్కడే చూద్దాం" అని నా పేరు పక్కన తన పేరు వేసి కాగితం పంపారు. ఒప్పుకుంటున్నామని జవాబు వచ్చింది. కాలేజీ చరిత్రలో బెంగళూరు దాకా పోయిన మొదటి ఫిజిక్సు పని అదే. నాయన అంగడి ముందు నిలబడి ఆ ఉత్తరం అందరికీ చదివి వినిపించాడంటే చూడండి.

శివరాత్రి దాటి ఎండలు ముదురుతుండగా భాయ్ పీర్ల పండుగకని వారం సెలవు పెట్టాడు. వాళ్ళ ఊళ్ళో పీరు ఎత్తుకునేది ఆయనే. ఆ వారం బ్యాటరీల అంగడి నుంచి క్యాను నేనే తెచ్చుకున్నాను. సెమినారుకు తీసుకుపోవడానికి కొత్త పలకలు చేద్దామని కూర్చున్నాను. వేడి చేశాను. ఎరుపు ఎరుపుగానే ఉంది. ఇంకొకటి. అదీ అంతే. నాలుగు రోజుల్లో పలకలన్నీ అట్లాగే వచ్చాయి. నీలం ఎట్లా వచ్చిందో అట్లాగే మాయమైపోయింది. సెమినారుకు పది రోజులుంది. అన్నం సయించలేదు. సార్‌కు చెప్పే ధైర్యం లేదు.

భాయ్ సెలవు ముగించుకుని పీర్ల దగ్గర పంచిన తీపి మలీద పొట్లంతో వచ్చాడు.

"ఏమాయ మేడమ్మా, మొగం అట్ల పెట్టుకోనుండావు?"

"వారంనుంచి నీలం రాలేదు భాయ్. ఏం తప్పు చేస్తాండానో తెలీడంల్యా."

ఆయన హాయిగా నవ్వాడు. "ఎట్లొస్తాది మరి? నేను ఈడ లేకపోతిని గదా!"

"నువ్వు లేకపోతే ఏం?"

"క్యానుకు రెండు గ్లాసులు మా బాయి నీళ్ళు పోస్తాంటి మేడమ్మా. నువ్వు ఏడుస్తాంటే చూడలేక ఒగరోజు పోసినా. మర్నాడే నీ బంగారు నీలమాయ! అప్పట్నుంచీ ఒక్క క్యాను తప్పకుండా పోస్తాండా. చెప్తే బరకత్, ఆ మహిమ పోతాదని చెప్పల్యా."

ఆయన ముఖంలో ఎంత వెలుగో! కన్నబిడ్డకు కాన్పు చేసి వచ్చిన తల్లిలా నిలబడ్డాడు. బావి నీళ్ళలో ఎంత తియ్యదనం ఉంటే అంత ఖనిజం ఉంటుంది. వేడికి తడి ఆరి ఆ లవణాలు చిక్కబడితే బంగారు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కడతాయి, ముద్దకడితే నీలమవుతాయి. పూతకు దానితో సంబంధమే లేదు. అతుక్కున్నవి మళ్ళీ విడిపోవు. రెండు నెలల పని, సార్ పేరు, బెంగళూరు, నాయన చదివిన ఉత్తరం, అన్నీ రెండు గ్లాసుల నీళ్ళలో పోయాయి.

ఆ కోపంలో నేనన్న మాట ఇది.

"మీరు ముట్టిన నీళ్ళు మాకొద్దు! తెలిసిందా? మాకొద్దు!"

ఆ మాట మా అవ్వది. మా అంగడి గుంజకు మేకు కొట్టి ఒక గ్లాసు వేరేగా వేలాడదీసేవాళ్ళు. సాయిబులకూ మరికొందరికీ అది. ఎండలో వచ్చిన మనిషి ఆ గ్లాసు పట్టుకుంటే పైనుంచి పోసేవాళ్ళు. పొరపాటున ఎవరైనా మా చెంబు ముట్టుకుంటే అవ్వ అనే మాట అది, అచ్చం అదే గొంతుతో. చదువుకున్నాను, అవన్నీ కోయిలకుంట్లలో వదిలేసి వచ్చాననుకున్నాను. ఎక్కడ వదిలాను? నోటి చివరనే పెట్టుకుని తిరుగుతున్నాను. కోపంలో తెలియక వచ్చిందని చెప్పుకుంటే అబద్ధం. గట్టిగా తగిలే మాట కోసం వెతికాను, అది దొరికింది.

మలీద పొట్లం బల్ల మీద పెట్టాడు. తువ్వాలు సర్దుకుని, "అట్లనే మేడమ్" అని బయటికి పోయాడు. మేడమ్మా అనలేదు.

పాత క్యాను అడుగున ఆయన కలిపిన నీళ్ళు కొన్ని మిగిలి ఉన్నాయి. వాటితో బంగారం చేసి, ఈసారి పూత లేని ఉత్త గాజు పలక మీద వేసి వేడి చేశాను. మొదటి రోజే చేయాల్సిన పని అది, సంబరంలో మరిచాను. ఉత్త గాజు మీద కూడా నిండు నీలం వచ్చింది. అంటే తప్పు ఆయన నీళ్ళది సగమైతే, నాది సగం. నిజానికి సగం కంటే ఎక్కువే.

సార్ గదిలోకి పోయి అంతా చెప్పాను. నీళ్ళలో ఏదో కలిసింది అన్నాను గానీ ఎవరు కలిపారో చెప్పలేదు. భాయ్‌ది పదేళ్ళుగా టెంపరరీ ఉద్యోగం. పర్మనెంటు కాగితాలు ఆ వారమే సార్ బల్ల మీదికి వచ్చి ఉన్నాయి, సంతకం ఒక్కటే తక్కువ. ఆయన్ని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అసలు భయం వేరే ఉంది. ఆయన్ని పిలిచి అడిగితే నేనన్న మాట కూడా బయటికి వస్తుంది. సార్ అట్లాంటి మాట సహించే మనిషి కాదు, ఆ పూటే నన్ను ఇంటికి పంపేవారు.

"క్యాను అంగడివాడే కల్తీ చేసినాడా?" అన్నారు సార్.

"అంగడోని తప్పు గాదు సార్. నేనే పోసినా." తలుపు దగ్గర భాయ్ నిలబడి ఉన్నాడు.

సార్ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టారు. "ఎన్నాళ్ళనుంచి?"

"ఈయమ్మ క్యాన్లోనా సార్? రెండు నెల్లు."

"ఈయమ్మ క్యాన్లోనా అంటే? ఇంక యాడ పోస్తాండావప్పా?"

భాయ్ మెడ గోక్కుని, మూలన ఉన్న సార్ ఫిల్టరు వైపు చూశాడు. "మీ ఫిల్టర్లో సార్. ఆరేండ్లాయ. అది చెడిపోయి శానా దినాలైంది. బాగు చేయించమంటే ఆఫీసోళ్ళు దుడ్లు ల్యావనిరి. మీరు బోరు నీళ్ళు తాగలేరు గదా అని పొద్దున్నే నేనే నింపుతాండా."

మా సార్ ఆ ఫిల్టరు గురించి చెప్పని మనిషి లేడు. పరీక్షలకు వచ్చిన ప్రతి ఎగ్జామినరుకూ ఒక గ్లాసు తాగించి, "చూడండి, ఇది సైన్సంటే!" అనేవారు. ఇప్పుడు ఆయన ఫిల్టరును చూశారు, భాయ్‌ను చూశారు, కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టారు. నుదుటి మీది కళ్ళద్దాలు జారి ముక్కు మీద పడేదాకా నవ్వారు. కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగారు.

"బతికినామమ్మా. బెంగళూరులో వందమంది ముందర ఎవడో ఒకడు లేచి 'ఉత్త గాజు మీద వేసి చూసినారా' అని అడిగి ఉంటే ఏమైయుండు? ఇంకా పది రోజులుంది. మొదటినుంచీ చెయ్యి. ఏమప్పా, నువ్వు పాడు చేసినావు, నువ్వే బాగు చెయ్యి. ఈయమ్మకు ఏమీ లేని నీళ్ళు చేసియ్యి. సంతకం తర్వాత."

భాయ్ నా మాట గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నేను తల ఎత్తలేకపోయాను.

కెమిస్ట్రీ వాళ్ళ దగ్గర మూలన పడి ఉన్న గాజు డిస్టిలేషను సామాను తెచ్చి బిగించాం. ఏమీ లేని నీళ్ళు అనే సంగతే ఆయనకు మింగుడు పడలేదు. "వాన నీళ్ళకు గూడా మబ్బు రుచి ఉంటాది. ఏమీ లేకుండా నీళ్ళు యాడుంటాయి?" అన్నాడు, నాతో కాదు, స్టవ్వుతో. వచ్చిన నీళ్ళను కొలిచే మీటరు కాలేజీలో పాడైపోయి ఉంది. ఆయన నాలుకే మాకు మీటరు.

కానీ ఆయన సీసా ముట్టడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "మీరే పట్టండి మేడమ్" అంటాడు. రుచి చూడాల్సి వచ్చినప్పుడు దోసిలి పట్టేవాడు. నేను పైనుంచి పోయాలి. మా అంగడి ముందు ఎట్లా పోసేవాళ్ళో అచ్చం అట్లాగే. ఆయన నన్ను సాధించడానికి చేయలేదు, ఆ మనిషికి సాధింపు తెలియదు. వద్దన్నారు కాబట్టి ముట్టలేదు, అంతే. మొదటిసారి "ఇంకా ఉండాది మేడమ్, సున్నం" అన్నాడు. రెండోసారి కాచితే "తగ్గింది గానీ ఉండాది" అన్నాడు. ప్రతిసారీ నా చేయి పైకి లేవడం, ఆయన దోసిలి వంచడం. పక్కన కెమిస్ట్రీ వాళ్ళు టీ తాగుతూ చూస్తున్నారు.

మూడోసారి నా వల్ల కాలేదు. నేను తాగే స్టీలు గ్లాసు కడిగి, అందులో ఆ నీళ్ళు పోసి ఆయన చేతికిచ్చాను. ఆయన గ్లాసును చూశాడు, నన్ను చూశాడు.

"పట్టుకో భాయ్" అన్నాను.

తాగాడు. నోట్లో తిప్పాడు. పైకప్పు వైపు చాలాసేపు చూశాడు. "ఏమీ ల్యా" అన్నాడు దిగులుగా. "నోట్లో నీళ్ళుండాయని గూడా తెలీడంల్యా."

"నాకు దప్పికవుతాంది. నీ క్యాన్లో నీళ్ళు పొయ్యి" అన్నాను. ఆయన వేరే గ్లాసు కోసం అటూ ఇటూ చూశాడు. "దాంట్లోనే పొయ్యి." పోశాడు. ఆయన పెదవి తగిలిన చోటే నోరు పెట్టి గటగటా తాగాను. కెమిస్ట్రీ వాళ్ళ టీ కప్పులు ఆగిపోయాయి.

"ఎట్టుండాయి?" అన్నాడు.

"బాగుండాయి."

"అబద్ధం! ఎండకు క్యాను కాగి ప్లాస్టిక్కు వాసనొస్తాంది. నాకే ఒప్పడంల్యా, నీకెట్ల బాగుంటాయి మేడమ్మా?"

మేడమ్మా అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. తప్పయింది భాయ్ అని ఆ క్షణంలో అనాల్సింది. కుప్పె కడగాలని చెప్పి అటు తిరిగాను.

ఆ నీళ్ళతో చేసిన పలకలు తీసుకుని సార్ సెమినారుకు రెండు రోజుల ముందే బెంగళూరు పోయారు. నేను ల్యాబులో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాను. ఆఫీసు ఫోను మోగితే భాయ్ పోయి తీశాడు. వరండా పొడుగునా పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"సారు ఒక్కటే మాట చెప్పమన్నాడు." ఊపిరి పీల్చుకున్నాడు. "తిరిగొచ్చిందంట!"

వరండాలో గచ్చు మీదే కూలబడ్డాను. మార్పు చాలా చిన్నది, గ్రాఫు మీద గోరంత. కానీ పోయింది, వచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. అమ్మయ్య అనే మాటకు అర్థం నాకు ఆ రోజు తెలిసింది.

"దీనికే అంత సంతోషమా మేడమ్మా?" భాయ్‌కి అర్థం కాలేదు. "నా నీళ్ళకు ఎంత నీలమొచ్చె! ఇది కంటికి గూడా కనపడదంట గదా."

సార్ తిరిగి వచ్చాక సంతకం పెట్టారు. ఫిల్టరు మాత్రం బాగు చేయించలేదు. నేను ఆ పనితోనే పీహెచ్‌డీ ముగించి, కడపలో లెక్చరరు ఉద్యోగానికి పోయాను. పోయేరోజు కూడా భాయ్ బస్సు కిటికీలోంచి సీసా నిండా నీళ్ళిచ్చాడు. అప్పుడైనా తప్పయిందనే మాట అనలేదు నేను. గ్లాసు పంచుకుంటే సరిపోతుందా? తిట్టింది నోరు కదా, తిరిగి తీసుకోవాల్సింది కూడా నోరే. కర్నూలు పోయినప్పుడల్లా రేపు చెబుదాం అనుకునేదాన్ని. వాళ్ళింటికి ఎన్నిసార్లు రమ్మన్నా పోలేదు. ఇంట్లో చెప్పి ఉంటాడు, వాళ్ళ ముందు నిలబడేది ఎట్లా అని భయం. అట్లా ఆరేళ్ళు గడిచాయి. ఇంతలో ఆయన పోయాడని ఫోనొచ్చింది.

నలభయ్యో రోజు ఆత్మకూరు బస్సు దిగి అడుక్కుంటూ పోయాను. వాకిట్లో చాపలు పరిచి ఉన్నాయి. ఆయన భార్య నన్ను చూసి, "నువ్వు బంగారు మేడమ్మవు గదా?" అంది. చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీ కత చెప్పని దినం ల్యా తల్లీ. మా బాయి నీళ్ళకు బంగారే రంగు మార్సుకునిందని! పోయే ముందురోజు గూడా మనవరాలికి అదే కత. సచ్చిన నీళ్ళంట, ఈయన రెండు గ్లాసులు పోసినాడంట, బంగారు నీలమైందంట!" ఆమె నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది.

"నేను తిట్టినానని చెప్పలేదా అమ్మా?"

"తిట్టినావా?" నన్ను వింతగా చూసింది. "తిట్టవా మరి, అంత పని చేస్తే! నేనైతే కొట్టియుందును."

"అట్ల గాదమ్మా. శానా పెద్ద మాట అన్యా. మీరు ముట్టిన నీళ్ళు మాకొద్దు అన్యా. తప్పయిందని ఆయనతో ఎప్పుడూ చెప్పలేకపోయినా." ఆరేళ్ళ మాట ఒక్క గుక్కలో బయటికి వచ్చింది. చాప మీద ఉన్నవాళ్ళు మాటలాపి చూశారు.

ఆమె నా చేయి వదల్లేదు. "ఆయన నోట్లో నీళ్ళ రుచి నిలుస్తాండె గానీ, మాటలు నిలిచేవి గావు తల్లీ" అంది. "నాకు చెప్తివి గదా, చాల్లే. ఎండన పడి వచ్చినావు, నీళ్ళు తాగు."

మనవరాలు చెంబుతో నీళ్ళు తెచ్చింది. బావి ఎండిపోయి రెండేళ్ళయిందట, ఇవి పంచాయితీ బోరు నీళ్ళట. తాగాను. అందరూ నా వైపే చూస్తున్నారు.

"ఎట్టుండాయమ్మా?" అంది ఆమె, అలవాటుగా.

బాగుండాయి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగాను.

"కొంచెం సవుడుండాదమ్మా" అన్నాను.

ఆమె మనవరాలి భుజం మీద తట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా నవ్వింది. "ఇన్నావామ్మే? నలభై దినాల నుంచి వచ్చినోళ్ళంతా బాగుండాయి బాగుండాయి అనేటోళ్ళే. ఈ ఇంట్లో నిజం చెప్పేటోళ్ళే లేకపోయిరి అనుకుంటాంటి!"

ఇంకో చెంబు అడిగి తాగాను. అదీ సవుడుగానే ఉంది.